నోటినిండా నీళ్ళు

అరవకుండా ఎవరికీ కారు నేర్పలేం. ఇది యల్లమందయ్య అభిప్రాయం కాదు, ఉన్న సంగతి. ఈత నేర్పడానికి నీళ్ళెలాగో కారు నేర్పడానికి అరుపు అలాగ. ఈ చిన్న విషయం తెలియని పెద్దలు కొందరు రాజధానిలో ఒక చల్లటి గదిలో కూచుని ఉత్తర్వు ఒకటి తెచ్చారు. దానివల్ల యల్లమందయ్యకు అన్యాయం జరిగింది. జరగలేదనేవాడు ఎవడైనా ఉంటే వాడికి కారు లేదు, లేదా పిల్లలు లేరు.

ఉత్తర్వుకు ముందు కమిటీ వేశారు. కమిటీ ఎనిమిది నెలలపాటు ఊళ్ళు తిరిగి, నాలుగువందల పన్నెండు కార్లలో వెనక సీట్లో కూచుని, తల్లిదండ్రులు పిల్లలకు బండి నేర్పుతుంటే రాసుకుంది. పదింట ఏడు తప్పులు పెద్దవాళ్ళు అరిచిన రెండు సెకన్లలోపే జరిగాయని తేల్చింది. తప్పు జరగబోతుంది కాబట్టే అరిచారేమోనని కమిటీలో ఎవరికీ తోచలేదు. తోచినవాడు ఉన్నా రాయలేదు.

దాంతో ప్రశాంత గృహ చోదన పథకం పుట్టింది. ఇరవై ఏళ్ళలోపు పిల్లలకు కారు నేర్పే పని తల్లిదండ్రులదే. అందువల్ల కుటుంబ బంధాలు గట్టిపడతాయి. డ్రైవింగ్ స్కూళ్ళు వాళ్ళని ముట్టుకోకూడదు. నేర్పేటప్పుడు తండ్రి గొంతుగానీ తల్లి గొంతుగానీ యాభై అయిదు డెసిబెల్స్ దాటకూడదు. దాటరని శాఖవారు ధ్రువపత్రం ఇవ్వాలి. ధ్రువపత్రం ఉన్న తండ్రో తల్లో పక్కన కూచుంటేనే పిల్లలకు లైసెన్సు పరీక్ష. ధ్రువపత్రం వచ్చేదాకా నేర్పకూడదు. నేర్పి చూపిస్తేనే ధ్రువపత్రం వస్తుంది.

యాభై అయిదు డెసిబెల్స్ అంటే ఎంతని యల్లమందయ్య అడిగాడు. పక్క గదిలో ఫ్రిజ్ ఆడుతున్నంత అని చెప్పారు.

యల్లమందయ్య ముప్పై నాలుగేళ్ళు రైసుమిల్లులో ఆపరేటరుగా పనిచేశాడు. మిల్లు ఆడుతున్నప్పుడు పక్కవాణ్ణి అగ్గిపెట్టె అడగాలన్నా గుండెల్లోంచి అడగాలి. ఆ గొంతు అక్కడే స్థిరపడిపోయింది. ఇంట్లో ఆయన మంచినీళ్ళడిగితే మూడో ఇంటివాళ్ళు చెంబు పట్టుకుని లేచేవాళ్ళు. భార్య సామ్రాజ్యం పోయి నాలుగేళ్ళయింది. అప్పటినుంచీ మాటలు సగమయ్యాయి గాని గొంతు తగ్గలేదు. చదివింది ఏడో తరగతి దాకా, ఊళ్ళో బళ్ళో. ఆ బళ్ళో ఆయనకు వచ్చినవి రెండే. ఒకటి గుండ్రటి చేతిరాత. రెండోది, అడిగినదానికి ఉన్నదున్నట్టు రాయడం. ఆ రెండోదే తర్వాత కొంప ముంచింది.

ఆయనకు ఒక్కతే కూతురు త్రివేణి, పద్దెనిమిదేళ్ళది. మిల్లు చప్పుళ్ళ మధ్య పెరిగింది, యంత్రమంటే భయం లేదు. వరికోత మిషను నడిపే శిక్షణకు ఆడపిల్లల్ని తీసుకుంటున్నారని తెలిసి దరఖాస్తు పెట్టింది. పన్నెండు సీట్లలో ఒకటి వచ్చింది. షరతు ఒక్కటే, నెలాఖరులోపు కారు లైసెన్సు చూపించాలి. లేకపోతే సీటు వెనకున్న పిల్లకు పోతుంది. నెలాఖరుకు పద్దెనిమిది రోజులుంది. ఇంటి ముందు పన్నెండేళ్ళ తెల్ల కారుంది. పక్కన కూచునే తండ్రి ఉన్నాడు. లేనిదల్లా ఆ తండ్రి గొంతు ఫ్రిజ్ లాంటిదని చెప్పే కాగితం.

తండ్రీకూతుళ్ళు టౌనులో ఆఫీసుకు వెళ్ళారు. లోపల ఆస్పత్రిలో ఉన్నంత నిశ్శబ్దం. కౌంటరు మీద పావుసేరు డబ్బా అంత మీటరు, దానికి ఒక పచ్చ బల్బు, ఒక ఎర్ర బల్బు. దాని వెనక జిలానీ అనే ఉద్యోగి లావుపాటి పుస్తకం తెరుచుకుని కూచున్నాడు. గోడల మీద బోర్డులన్నీ చిన్న అక్షరాలతో ఉన్నాయి. పెద్ద అక్షరాలు అరిచినట్టుంటాయని తీసేశారట.

యల్లమందయ్య అప్లికేషను కావాలన్నాడు.

ఎర్ర బల్బు వెలిగింది. జిలానీ పుస్తకంలో ఎనభై మూడు అని రాసుకుని, పరిమితి దాటినవారికి అప్లికేషను ఇవ్వడానికి వీల్లేదని మెల్లగా చెప్పాడు. మరైతే ఎట్టా అడగాలయ్యా అన్నాడు యల్లమందయ్య. అది ఎనభై ఎనిమిది. త్రివేణి నాన్నను వెనక్కి లాగి తాను అడగబోయింది. అడగవలసింది నేర్పేవారే గాని నేర్చుకునేవారు కాదని జిలానీ చెప్పాడు. మూడుసార్లు ఎరుపు వెలిగితే వారం దాకా లోపలికి రానివ్వరని కూడా చెప్పాడు.

యల్లమందయ్య జేబులోంచి కాగితం తీసి అప్లికేషను ఇవ్వగలరు అని రాసి ముందుకు తోశాడు. రాతపూర్వక విన్నపాలు ఇన్‌వార్డు సెక్షనుకు వెళతాయన్నారు. ఇన్‌వార్డు సెక్షను ఆ గదిలోనే రెండో కుర్చీ. ఆ కుర్చీలో కూడా జిలానీయే కూచుంటాడు, కాకపోతే మధ్యాహ్నం మూడింటికి. మూడింటికి ఆ కుర్చీలోకి మారి, కాగితానికి నంబరు వేసి, మళ్ళీ మొదటి కుర్చీలోకి వచ్చి అప్లికేషను ఇచ్చాడు.

సాయంత్రం బయట టీకొట్టు దగ్గర జిలానీయే వచ్చి పక్కన నిలబడ్డాడు. "ఏమీ అనుకోమాకు పెద్దాయనా. నా బతుకూ అంతే. ఇంట్లో మా ఆవిడ గొంతు లేస్తే చెయ్యి దానంతటదే పుస్తకం కోసం వెతుక్కుంటోంది. నిన్న పప్పు బాలేదంటే అరవై రెండని చెప్పా. అన్నం పెట్టలా."

తర్వాతి మెట్టు శిక్షణ. కల్యాణ మండపంలో ప్లాస్టిక్ కుర్చీలు ముందు రెండు, వెనక రెండు వేసి కార్లు తయారుచేశారు. స్టీరింగులకు బదులు భోజనాల ప్లేట్లు. అన్నిటి మీదా పెళ్ళివారి పేర్లు చెక్కి ఉన్నాయి. నలభైమంది తల్లిదండ్రులు వచ్చారు. పిల్లల్ని మాత్రం గోడవారగా కూచోబెట్టారు. వాళ్ళ బదులు శాఖవారి ఉద్యోగులు మాదిరి పుత్రులుగా, మాదిరి పుత్రికలుగా ప్లేట్లు పట్టుకుని కూచున్నారు.

జిల్లా శాంతాధికారి విద్యాసాగర్ వేదిక ఎక్కాడు. నున్నటి మనిషి. మాట్లాడుతుంటే గాలి మాత్రమే వచ్చినట్టుంటుంది. శబ్దము అజ్ఞానమునకు చిహ్నమని, సదరు శబ్దమును కుటుంబ వాహనము నుండి సమూలముగా తొలగించుటయే శాఖ లక్ష్యమని, అందు నిమిత్తము నిపుణులు ఇరవై నాలుగు వాక్యములు రూపొందించిరని చెప్పి చిన్న పుస్తకాలు పంచిపెట్టాడు. నేర్పేటప్పుడు ఈ ఇరవై నాలుగే అనాలి. ఇంకేదీ అనకూడదు. చివరి పేజీలో నిషేధించిన మాటలున్నాయి. బ్రేకు, ఆపు, చూడు, ఓరినాయనో, చచ్చాం. ఈ మాటల్ని మెల్లగా అనడం మానవమాత్రుడికి సాధ్యం కాదని పరిశోధనలో తేలింది కాబట్టి వాటిని మొత్తంగా తీసేశారు.

మూడో వాక్యం: "చిరంజీవీ, మనము కొంచెము వేగముగా పోవుచున్నామేమోనని నాకు తోచుచున్నది."

తొమ్మిదో వాక్యం: "ఎదుట ఒక వాహనము నిలిచియున్నది. దీనిపై నీ ఆలోచన యేమి?"

పదిహేడో వాక్యం: "అది గేదె. దానికిని ఈ రహదారిపై హక్కు కలదు."

ఇరవై నాలుగోది అన్నిటికన్నా చివర వాడవలసింది: "జరిగినదేదో జరిగినది. మనమిరువురము ప్రాణములతో నున్నాము."

అభ్యాసం మొదలైంది. ఒక ఉద్యోగి అట్టమీద లారీ బొమ్మ అతికించి ఛాతీకి ఆనించుకుని కుర్చీల వైపు నడిచి వస్తాడు. తల్లిదండ్రులు తొమ్మిదో వాక్యం అనాలి. వాక్యం సగంలో ఉండగానే అట్టలారీ వచ్చి ప్లేటును గుద్దుకునేది. అయినా ఎవరూ మధ్యలో ఆపలేదు. పూర్తి వాక్యానికి పది మార్కులు. ఒక మేష్టారు గుద్దుకున్నాక కూడా దీనిపై నీ ఆలోచన యేమి అని తాపీగా ముగించి పదికి పది తెచ్చుకున్నాడు. గంట గడిచాక విద్యాసాగర్ లెక్క చదివాడు. పదకొండు ఢీకొనుటలు సంభవించినవి, ఒక్క అరుపు కూడా నమోదు కాలేదు, ఇది శాఖ చరిత్రలోనే ప్రథమము. అందరూ శబ్దం రాకుండా చేతులు ఊపారు.

యల్లమందయ్య వంతు వచ్చింది. పక్క కుర్చీలో మాదిరి పుత్రిక ప్లేటు తిప్పుతోంది. ఎదురుగా అట్టలారీ కదిలింది. ఆయన పుస్తకం తెరిచాడు. తొమ్మిదో వాక్యం కోసం పేజీ తిప్పుతుండగా లారీ నాలుగడుగుల్లోకి వచ్చింది.

"బ్రేకూ" అన్నాడు.

కిటికీల మీది పావురాలు లేచిపోయాయి. వంటశాలలో ఏదో పడింది. అట్టలారీ మోస్తున్న ఉద్యోగి ఎక్కడివాడక్కడ ఆగి, రెండడుగులు వెనక్కి కూడా వేశాడు. ఆ రోజు ఆ మండపంలో తప్పిన ప్రమాదం అదొక్కటే. దాన్ని విఫలము అని రాశారు.

అదే రోజు అందరికన్నా ఎక్కువ మార్కులు శేషారత్నం అనే ఆవిడకు వచ్చాయి. కిరాణాకొట్టు నడిపే మనిషి, కొడుక్కి నేర్పడానికి వచ్చింది. ఆవిడ ఇరవై నాలుగు వాక్యాలూ అనేసి, మిగిలిన సమయం వృథా కాకుండా మాదిరి పుత్రుడి చెవి దగ్గరికి వంగి సొంతవి మొదలుపెట్టింది. "నీకు కళ్ళా, గోలీకాయలా. నిన్ను కన్నరోజు కుండపోత వాన, ఆ వానలో కొట్టుకుపోయినా బాగుండేది. నీ చేతిలో ప్లేటు చూస్తే అన్నం తినడానిక్కూడా దండగనిపిస్తోంది." అంతా గుసగుసే. మీటరు ముప్పై ఎనిమిది చూపించింది. మాదిరి పుత్రుడు ముప్పై అయిదేళ్ళ ఉద్యోగి. ప్లేటు కింద పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు. విద్యాసాగర్ ఆవిణ్ణి ఆదర్శమాతగా ప్రకటించాడు.

మధ్యాహ్నం యల్లమందయ్యకు మరో అవకాశం ఇచ్చి గుసగుసలాడమన్నారు. ఆడాడు. డెబ్భై ఒకటి. ఇంకా తగ్గించమంటే గొంతు పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి తగ్గించాడు. డెబ్భై. మీటరు మోసుకొచ్చిన జిలానీ దాన్ని తట్టి చూసి, నయం, మీటరే కంగారుపడుతుందేమో అనుకున్నానన్నాడు.

ఆఖరున ఫారం నింపాలి. అయిదో గడిలో భర్త స్వరం గురించి భార్య, భార్య స్వరం గురించి భర్త సంతకం చేయాలి. యల్లమందయ్య సామ్రాజ్యం మరణ ధ్రువపత్రం జతచేశాడు. విద్యాసాగర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీనివలన సదరు భార్యకు ఫిర్యాదు చేయు వీలు లేదని తెలియుచున్నదే గాని, ఫిర్యాదు లేదని తెలియుట లేదు" అన్నాడు.

ఆవిడ బతికుండగా మీ గొంతు గురించి రాతపూర్వకంగా ఏదైనా మంచిమాట అని ఉంటే తెమ్మన్నాడు. యల్లమందయ్య ఆయన వైపు చూశాడు. ఏమైనా అంటే ఎర్ర బల్బు వెలుగుతుంది.

ఆరో గడి ఇలా ఉంది: ఇంతకుమునుపు మీ వద్ద చోదనము అభ్యసించినవారెవరైనా మధ్యలో విరమించుకొనిరా? కారణములు.

నలభైమందిలో ముప్పై తొమ్మిదిమంది లేరు అని రాశారు. యల్లమందయ్య కలం ఆగడం చూసి శేషారత్నం పక్కనుంచి వంగింది. "లేరని రాసెయ్ అన్నయ్యా. చచ్చినోళ్ళొచ్చి చెబుతారా ఏంది?"

ఆ మాట అనకుండా ఉంటే లేరనే రాసేవాడో ఏమో తెలియదు. గుండ్రటి అక్షరాలతో రాశాడు: ఒకరు. నా భార్య సామ్రాజ్యం. పదకొండేళ్ళ కింద, కాలవ గట్టు మీద. ఇరవై నిమిషాలు నేర్పాను. ఇరవై నిమిషాలూ అరిచాను. బండి ఆపి, తాళం నా చేతిలో పెట్టి, నడిచి ఇంటికి పోయింది. మళ్ళీ ఎక్కలేదు. ఇప్పుడు లేదు.

విద్యాసాగర్ అది చదివాడు. మొహం వెలిగిపోయింది. వేదిక ఎక్కి అందరికీ చదివి వినిపించాడు, నలభై తొమ్మిది డెసిబెల్స్‌లో. గోడవారగా కూచున్న త్రివేణి మొదటిసారి విన్నది అప్పుడే. అమ్మకి కారంటే పడదనే ఇన్నాళ్ళూ ఆ పిల్ల అనుకుంది.

యల్లమందయ్యను తన గదిలోకి పిలిచి, శాఖ ఇన్ని మాసములుగా ఇట్టి తండ్రి కొరకే అన్వేషించుచున్నదని విద్యాసాగర్ చెప్పాడు. శాంతముగా నేర్పువారు ఎందరో ఉన్నారు. అరచి, నష్టపోయి, పరివర్తన చెందినవారు కావలెను. ఇరవై తొమ్మిదో తారీఖున రాజధాని నుంచి ఉన్నతాధికారులు వస్తున్నారు. ఆ రోజు తండ్రీకూతుళ్ళు కారులో ఆఫీసు నుంచి మార్కెట్‌యార్డు దాకా వెళ్ళి రావాలి. యాభై అయిదు దాటకపోతే అక్కడికక్కడే ధ్రువపత్రం. ఆ ప్రదర్శననే లైసెన్సు పరీక్షగా పరిగణిస్తారు. దాటితే మళ్ళీ రెండు నెలల తర్వాత.

"తమరి ఉచ్చస్వర పూర్వచరిత్రను శాఖ సహృదయముతో స్వీకరించుచున్నది" అన్నాడు.

 ఇంటికి వచ్చాక త్రివేణి చెప్పులు విడుస్తూ ఒక్కటే అంది. "నన్ను మాత్రం నడిపించమాకు నాన్నా. మనూరికి కాలవ చాలా దూరం."

యల్లమందయ్య ఆ రాత్రి ఫారం నకలు మళ్ళీ చదువుకున్నాడు. గొంతు యాభై అయిదు దాటకూడదని ఉంది. ఉండాలని ఎక్కడా లేదు. గొంతు తగ్గించడం తన వల్ల కాదని తేలిపోయింది. అసలు తీయకపోతే? సున్నా దాటినట్టు కాదు కదా.

మర్నాడు పొద్దున్నే మూతపడ్డ మిల్లు ఆవరణలోకి కారు తీసుకుపోయారు. ఒకప్పుడు వడ్లు ఆరబోసిన సిమెంటు కళ్ళం, రోడ్డు కాదు కాబట్టి ఎవరూ అడగరు. ఏది ఎక్కడుందో బండి కదలకముందే చెప్పేశాడు. తర్వాత సీసా ఎత్తి నోటినిండా నీళ్ళు పోసుకుని పక్కన కూచున్నాడు. మింగకూడదు, ఉమ్మకూడదు. నోట్లో నీళ్ళున్నంతసేపూ మాట రాదు. మాట వస్తే నీళ్ళుండవు.

త్రివేణి క్లచ్ వదిలింది. బండి మేకపిల్లలాగా ఎగిరింది.

ముందు అద్దం లోపలివైపు మొత్తం తడిసిపోయింది.

వైపర్లు అద్దానికి బయటే ఉంటాయి. త్రివేణి చున్నీతో తుడిచింది. ఆయన మళ్ళీ నోరు నింపుకున్నాడు. గోడ దగ్గరికి పోయినప్పుడు మరోసారి, రివర్సులో తూకం కాటా వైపు పోయినప్పుడు ఇంకోసారి తడిసింది. మొదటిరోజు పద్దెనిమిదిసార్లు. రెండు సీసాలు అయిపోయాయి. స్టీరింగు జారుతోందని, తువ్వాలు తెచ్చుకోమని త్రివేణి చెప్పింది. మూడోరోజు ఆ పిల్లకు అలవాటైపోయింది. నాన్న బుగ్గలు ఉబ్బడం ఓరకంట కనిపెట్టి, తడవకముందే కాలు బ్రేకు మీదికి తెచ్చేది. అయిదోరోజుకు బుగ్గలు చూడడం కూడా మానేసింది. తప్పు చేసి, తానే తిట్టుకుని, తానే సరిచేసుకునేది. ఆయన కుడికాలు మాత్రం లేని బ్రేకును తొక్కీ తొక్కీ కింద మ్యాటుకు చిల్లు పెట్టింది.

"ఇవాళ రెండు జల్లులే నాన్నా. ఇట్టాగైతే పంటలెట్టా పండుతాయ్?"

ఆయన నోట్లో నీళ్ళున్నాయి. నవ్వు వచ్చింది. అది మూడో జల్లు.

ఇరవై ఆరో తారీఖు నుంచి అద్దం తడవలేదు.

ఇరవై తొమ్మిదిన ఆఫీసు ముందు షామియానా వేశారు. రాజధాని నుంచి వచ్చిన అయిదుగురు సోఫాల్లో కూచున్నారు. సన్నాయివాళ్ళను పిలిచారు గాని వాయించనివ్వలేదు. వాళ్ళు సన్నాయిలు నోటికి ఆనించుకుని ఊరికే వేళ్ళు ఆడించారు. తెల్ల కారు మీద పరివర్తన చెందిన తండ్రి అని బ్యానరు కట్టారు. త్రివేణి స్టీరింగు ముందు కూచుంది. యల్లమందయ్య పక్కన కూచుని ఎవరూ చూడకుండా నోరు నింపుకుని సీసా కింద పెట్టాడు. వెనక విద్యాసాగర్, మీటరు ఒళ్ళో పెట్టుకుని జిలానీ, ఆదర్శమాత హోదాలో శేషారత్నం ఇరుక్కున్నారు.

బండి ఒక్క కుదుపు లేకుండా కదిలింది. ఆ సంగతి యల్లమందయ్య ఒక్కడే గమనించాడు.

తండ్రి మాట్లాడకపోవడంతో ప్రదర్శన చప్పగా సాగుతోందని విద్యాసాగర్‌కు బెంగ పట్టుకుంది. తానే వెనక నుంచి మూడో వాక్యం అందించాడు. వేగం ఇరవై కూడా లేదు. గేదె కనపడగానే పదిహేడో వాక్యం. శేషారత్నం మరోవైపు నుంచి వంగి, "ఆ గేదె నీకంటే నయం, చూసి నడుస్తోంది" అంటూ మొదలుపెట్టి ఆపలేదు. జిలానీ ఉద్యోగధర్మంగా అంకెలు చదువుతున్నాడు, నలభై రెండు, నలభై అయిదు, నలభై మూడు. ఎవరి గొంతూ పైకి లేవలేదు. దోమల్లాగా ముగ్గురూ ఆ పిల్ల మెడ వెనక మూగి సన్నగా, మర్యాదగా, ఆగకుండా మాట్లాడారు.

మార్కెట్‌యార్డు మలుపులో ముందు వరిగడ్డి ట్రాక్టరు పోతోంది. పైనుంచి ఒక మోపు జారింది. ట్రాక్టరు ఉన్నపళాన ఆగిపోయింది.

"అమ్మా, ఎదుట ఒక వాహనము" అని విద్యాసాగర్ మొదలుపెట్టాడు.

"కళ్ళు నెత్తికెక్కినియ్యా తల్లీ" అని శేషారత్నం గొణిగింది.

"నలభై ఏడు" అన్నాడు జిలానీ.

గడ్డి అద్దం నిండా పెరుగుతోంది. యల్లమందయ్య బుగ్గలు ఉబ్బాయి. కుడికాలు చిల్లులోంచి రేకును తొక్కింది. ఆ క్షణంలో ఆయనకు ధ్రువపత్రం లేదు, సీటు లేదు, నెలాఖరు లేదు. అరవాలనే నిశ్చయించుకున్నాడు. పెదవులు విడబోయాయి.

"నోళ్ళు మూస్తారా అందరూ" అంది త్రివేణి.

అది మిల్లు గొంతు. ముప్పై నాలుగేళ్ళ మిల్లు, వడ్లు దంచే హల్లరు ఆడుతుండగా, తలుపులన్నీ తెరిచి ఉంచినట్టు. కారు అద్దాలు ఒణికాయి. ట్రాక్టరు డ్రైవరు తననే అనుకుని చేతులు పైకెత్తి కిందికి దిగాడు. వెనక సీట్లో ముగ్గురి నోళ్ళూ మూతపడ్డాయి. ఆ దొరికిన నిశ్శబ్దంలో ఆ పిల్ల క్లచ్చూ బ్రేకూ కలిపి తొక్కింది, తాపీగా, కళ్ళంలో తొక్కినట్టే. బండి గడ్డికి మూరెడు దూరంలో ఆగింది.

యల్లమందయ్య నీళ్ళు గుటుక్కున మింగేశాడు. ఇన్ని రోజుల్లో మింగడం అదే మొదలు.

"నూట ఆరు సార్" అన్నాడు జిలానీ, బొంగురుగా.

విద్యాసాగర్ నిబంధనల పుస్తకం తీశాడు.  షామియానాలో అయిదుగురు ఎదురుచూస్తున్నారు. తల్లి స్వరము అని ఉంది. తండ్రి స్వరము అని ఉంది. పిల్లల స్వరము అనే మాట మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా లేదు. పిల్లలు అరుస్తారని కమిటీలో ఎవరికీ తోచలేదు. తన స్వరానికి కూడా పుస్తకంలో గడి లేదని, ఆ గంటలో అందరికన్నా ఎక్కువ మాట్లాడింది తానేనని ఆయనకు తోచిందో లేదో తెలియదు.

"తండ్రి స్వరమెంత?" అని అడిగాడు.

జిలానీ పుస్తకం వెనక్కి తిప్పాడు. యల్లమందయ్య వైపు చూశాడు. ఆయన కాళ్ళ దగ్గర సీసా వైపు కూడా చూశాడు. తర్వాత, "పెద్దాయన దగ్గర్నుంచి ఏమీ రాలా సార్. సున్నా" అన్నాడు.

విద్యాసాగర్ కళ్ళు చెమర్చాయి. రాష్ట్రం మొత్తంలో అప్పటిదాకా నమోదైన అతి తక్కువ ఇరవై తొమ్మిది. అదీ ఒక మూగ తల్లి వేసుకున్న గాజులది.

వేదిక మీద శాలువా కప్పారు. ప్రశాంత పిత అని రాసిన ధ్రువపత్రానికి అద్దం కట్టించి ఇచ్చారు. ఆయన ప్రశాంతుడు కాడు. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు. రెండు మాటలు మాట్లాడమన్నారు. మైకు ముందు నిలబడ్డాడు. నోరు తెరిస్తే ఇచ్చిన ధ్రువపత్రం అక్కడే లాక్కుంటారు. మెట్ల దగ్గర త్రివేణి చేతిలో తాళాలున్నాయి. ఆయన నిలబడి ఉండిపోయాడు. నిమిషం గడిచింది. ఎవరో పోయారనుకుని వెనక వరసవాళ్ళు లేచి తలలు వంచారు. వాళ్ళను చూసి ముందు వరసవాళ్ళు లేచారు. రాజధాని నుంచి వచ్చినవాళ్ళలో ఒకాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇంత హృదయాన్ని కదిలించే ప్రసంగం ఈ మధ్యకాలంలో వినలేదని మర్నాడు పేపర్లో వచ్చింది.

సాయంత్రానికి లైసెన్సు చేతికి వచ్చింది. ముప్పయ్యో తారీఖున త్రివేణి సీటు ఖాయం చేసుకుంది.

తర్వాత శాఖవాళ్ళు రెండుసార్లు ఇంటికి వచ్చారు. నూట ఆరు వ్యవహారం మీద కొత్త కమిటీ వేశారట. పిల్లల స్వరానికి కూడా నిబంధన తెస్తున్నారట. దానికి గౌరవ సలహాదారుగా ఉండమన్నారు. యల్లమందయ్య తలుపు వేశాడు. ఆ చప్పుడు ఎంతో జిలానీ బయట రాసుకున్నాడు. అద్దం కట్టిన ధ్రువపత్రం బియ్యం డ్రమ్ము మీద మూతగా సరిపోయింది. ఎలుకలు రావడం లేదు.

శిక్షణకు వెళ్ళే ముందు ఆదివారం త్రివేణి ఆయన్ని కారెక్కించుకుని కాలవ గట్టు మీదికి తీసుకుపోయింది. నీళ్ళు వదిలారు, కాలవ నిండుగా ఉంది. తూము దగ్గర బండి నెమ్మదిగా ఆపింది.

"ఇక్కడేనా?"

యల్లమందయ్య బయటికి చూశాడు. "తూము దాటాక."

త్రివేణి పది గజాలు ముందుకు పోనిచ్చి ఆపింది. ఇంజను ఆపలేదు. రోడ్డు వైపే చూస్తూ అడిగింది. "నువ్వు అరవకపోతే అమ్మకి వచ్చేదా నాన్నా?"

ఆయన నోట్లో నీళ్ళు లేవు. రెండు సీట్ల మధ్య సీసా ఉంది.

"ఆ రోజు కూడా సీసా ఉంది" అన్నాడు. "మీ అమ్మే తెచ్చింది. నేను మూత కూడా తియ్యలా."

సీసా తీసి కాళ్ళ దగ్గర పెట్టుకుంటూ అన్నాడు. "ఇంక ఈ మాట నా దగ్గర ఎప్పుడూ ఎత్తమాకు. నేనూ ఎత్తను."

అది యాభై అయిదు లోపే ఉండి ఉంటుంది. కొలవడానికి జిలానీ లేడు. త్రివేణి బండిని గేరులో వేసింది. యల్లమందయ్య అన్న మాట ప్రకారం ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.